నలుగురు నడిపే వికీని స్పాముకు, దాడులకు తట్టుకునేలా నిలబెట్టడం ఎలా

ఒక ఆదివారం ఉదయం మా మాండలిక పదాల వికీలో ‘ఇటీవలి మార్పులు’ తెరిచాను. రాత్రికి రాత్రి 340 కొత్త పేజీలు పుట్టుకొచ్చాయి. వంటగది మరమ్మతులు, జూదం, తక్కువ ధరకు మందులు. అన్నీ ఇంగ్లీషులోనే, ప్రతి పేజీ అడుగున ఒక లింకు. వాడుకరి పేర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి: ఏదో ఒక పేరు, దాని వెనక నాలుగు అంకెలు. అన్నిటినీ ఒక్కసారిగా తుడిచేయబోతుండగా మధ్యలో ఒక తెలుగు పేరు కనిపించింది: ‘గుమ్మి’. తెల్లవారుజామున ఎవరో కొత్తగా ఖాతా తెరిచి, వెదురుతో అల్లి, పేడతో అలికి, ధాన్యం పోసుకునే గుమ్మి గురించి ఆరు వాక్యాలు రాశారు. తమ అమ్మమ్మ ఇంట్లో గింజలు దింపుకోవడానికి దాని అడుగున ఉండే చిన్న కన్నం గురించి కూడా రాశారు. నేను ఇంకో క్షణం తొందరపడి ఉంటే ఆ పేజీ స్పాముతో పాటే పోయేది. తాను రాసింది మాయమైందని చూసిన మనిషి మళ్లీ ఎందుకు వస్తారు?

ఇలాంటి సైట్లు మూతపడటం దగ్గర నుంచి చూశాను. కొన్నిచోట్ల కాపలా కాసేవారు అలసిపోయి ఒక్కొక్కరే తప్పుకుంటారు. కొన్నిచోట్ల భయపడి గోడలు పెంచుకుంటూ పోతారు, చివరికి కొత్తవారు లోపలికి రాలేని పరిస్థితి వస్తుంది. అందుకే ఏ రక్షణ పెట్టబోయినా నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది మన మనుషుల సమయాన్ని ఎంత మిగులుస్తుంది? దీనివల్ల మంచివారు ఎంతమంది వెనక్కి పోతారు? ఈ మార్గదర్శి అంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. వికీపీడియా వాడే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌నే మేమూ వాడుతున్నాం కనుక ఉదాహరణలు దాని నుంచే ఇస్తున్నాను. ఎవరైనా వచ్చి రాయగలిగే ఏ సైటుకైనా ఈ క్రమం పనికొస్తుంది.

1. తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయో కాగితం మీద రాయండి

సర్వరు జోలికి వెళ్లే ముందు ఈ పని చేయండి. డొమైన్ (సైటు చిరునామా పేరు) ఎవరి పేరు మీద ఉంది? ఆ పేరును సర్వరుతో కలిపే డీఎన్ఎస్ ఎక్కడ ఉంది? హోస్టింగ్ బిల్లు ఎవరి కార్డు నుంచి కడుతున్నారు? సర్వరులోకి వెళ్లే తాళం ఎవరి దగ్గర ఉంది? నిర్వాహక ఖాతాలు ఎన్ని? బ్యాకప్‌లు ఎక్కడికి వెళ్తున్నాయి? వీటన్నిటికీ ముడిపడిన ఈమెయిల్ చిరునామా ఏది, దాన్ని తెరవగలిగేవారు ఎవరు?

మా డొమైన్ మొదట్లో ఒక మిత్రుడి పేరు మీద ఉండేది. ఆయన విదేశాలకు వెళ్లారు, కార్డు గడువు తీరింది, పునరుద్ధరణ నోటీసులు ఆయన తెరవడం మానేసిన పాత మెయిలుకు వెళ్లాయి. ఒకరోజు సైటు స్థానంలో ప్రకటనల పేజీ కనిపించింది. గడువు దాటాక కొన్నాళ్లపాటు అదనపు రుసుము కట్టి తిరిగి తీసుకునే వీలుంటుంది కనుక బతికిపోయాం. ఏ దాడీ లేకుండానే మా పదేళ్ల పని ఇతరుల చేతుల్లోకి పోయేదే. అప్పటి నుంచి డొమైన్‌ను ఒకేసారి చాలా ఏళ్లకు కట్టేస్తున్నాం. డొమైన్ అమ్మిన సంస్థ (రిజిస్ట్రార్) దగ్గర బదిలీ తాళం వేసి ఉంచుతున్నాం.

ప్రతి తాళంచెవి కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండకూడదు. పాస్‌వర్డులను వాట్సాప్‌లో పంపుకోవద్దు. బిట్‌వార్డెన్, కీపాస్‌ఎక్స్‌సీ వంటి పాస్‌వర్డ్ భద్రపరిచే సాధనం వాడండి. డొమైన్, హోస్టింగ్, మెయిలు, నిర్వాహక ఖాతాలు అన్నిటికీ రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. అప్పుడు వచ్చే అత్యవసర సంకేతాలను అచ్చు వేయించి కవర్లో పెట్టి దాచండి. మా కవర్లు ఒకటి వరంగల్‌లో, ఒకటి కడపలో ఉన్నాయి.

2. బ్యాకప్ తీయండి, తిరిగి నిలబెట్టి చూడండి

మీడియావికీకి మూడు భాగాలు దాచుకోవాలి: డేటాబేస్, బొమ్మల ఫోల్డరు, సైటు అమరికలు ఉండే లోకల్‌సెట్టింగ్స్ ఫైలు. వీటి ప్రతులు మూడు ఉండాలి. అవి రెండు వేర్వేరు రకాల నిల్వల్లో ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఇంకో షరతు కూడా ముఖ్యం: సర్వరులోకి చొరబడినవాడు బ్యాకప్‌ను చెరిపేయగలిగేలా ఉండకూడదు. సర్వరు తానే బ్యాకప్‌ను బయటికి నెట్టే పద్ధతి పెడితే, ఆ తాళంచెవి సర్వరులోనే ఉంటుంది. వేరే యంత్రం వచ్చి బ్యాకప్‌ను లాక్కునే పద్ధతి పెట్టండి.

ఆ తర్వాత, మూడు నెలలకు ఒకసారి, ఖాళీ యంత్రం మీద మొత్తం సైటును బ్యాకప్ నుంచి లేపి చూడండి. మేము మొదటిసారి ఈ పరీక్ష చేసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. సైటు లేచింది, మొదటి పేజీ వచ్చింది, బొమ్మలు వచ్చాయి. ఒక పేజీ తెరిస్తే ‘గాదె’ ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు. తర్వాతి పేజీలోనూ అదే. మొత్తం తెలుగంతా ప్రశ్నార్థకాలే. డేటాబేస్ తన అక్షరాలను ముడి బైట్లుగా దాచుకుంటోంది, మేము బ్యాకప్ తీసే ఆదేశం వాటిని వేరే లిపి సంకేతాలుగా మార్చి రాస్తోంది. బ్యాకప్ తీసేటప్పుడు అక్షర సంకేతాన్ని ‘బైనరీ’ అని స్పష్టంగా ఇస్తే సమస్య తీరింది. ఎనిమిది నెలలుగా ప్రతి రాత్రీ మేము ప్రశ్నార్థకాలనే భద్రంగా దాచుకుంటూ వచ్చాం! ఇంగ్లీషు సైట్లవారికి ఈ తప్పు కంటికి ఆనకపోవచ్చు. తెలుగు సైటు నడిపేవారు మాత్రం తిరిగి లేపిన ప్రతిలో ఒత్తులున్న పదాలను కళ్లారా చూసేదాకా బ్యాకప్ ఉందని అనుకోవద్దు.

ఇంకో పని కూడా చేయండి. వ్యాసాల పాఠాన్ని మాత్రమే ఎక్స్ఎంఎల్ రూపంలో బయటికి తీసే సాధనం మీడియావికీలోనే ఉంది. అందులో పాస్‌వర్డులు, మెయిలు చిరునామాలు ఉండవు. ఏడాదికి రెండుసార్లు ఆ ప్రతిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంచండి. రేపు మీరెవరూ లేకపోయినా ఇంకొకరు దాన్ని తీసుకుని సైటును మళ్లీ లేపగలరు.

3. పాత సాఫ్ట్‌వేర్‌ను నడపవద్దు

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దీర్ఘకాల మద్దతు ఉన్న సంచికనే వాడండి. మీడియావికీ 1.43 అలాంటిది. 2024 డిసెంబరులో వచ్చింది, మూడేళ్లపాటు భద్రతా సవరణలు అందుతాయి. భద్రతా సవరణ వచ్చిన వారంలోపు పెట్టేయండి. ఎప్పుడో సరదాకు జోడించి మరచిపోయిన పొడిగింపులను (అదనపు సాఫ్ట్‌వేర్ భాగాలను) తీసేయండి. చొరబడేవారు తరచుగా వచ్చేది అలా మరచిపోయిన తలుపుల నుంచే.

4. స్పాముకు గడపలోనే అడ్డు వేయండి

స్పాము రాసేవారికి మీ సైటు మీద కోపం ఏమీ లేదు. గూగుల్ వెతుకులాటలో తమ సరుకు పైకి రావాలని ఎక్కడ దొరికితే అక్కడ లింకులు అతికిస్తారు. ఇలాంటి లింకులను లెక్కలోకి తీసుకోవద్దని వెతుకుయంత్రాలకు చెప్పే ‘నోఫాలో’ గుర్తు 2005 నుంచే ఉంది. మీడియావికీ బయటి లింకులన్నిటికీ దాన్ని తనంత తానే తగిలిస్తుంది. అయినా స్పాము ఆగలేదు, ఎందుకంటే అతికించే బాట్లు (తమంత తామే తిరిగే ప్రోగ్రాములు) అదేమీ చూడవు. కాబట్టి లోపలికి వచ్చే దారిలోనే ఆపాలి.

మొదటి అడ్డు ఖాతా. ఖాతా లేకుండా మార్పులు చేసే అవకాశాన్ని పెద్ద వికీలు భరించగలవు, నలుగురు మనుషులున్న చోట కష్టం. ఖాతా తప్పనిసరి చేయండి, మెయిలు ధ్రువీకరణ పెట్టండి. కానీ ప్రతి కొత్త ఖాతాకూ నిర్వాహకుడి అనుమతి కావాలని మాత్రం పెట్టవద్దు. మేము ఆరు నెలలు అలా నడిపి చూశాం. అనుమతి వచ్చేసరికి రెండు రోజులు పట్టేది, అప్పటికి వచ్చినవారి ఉత్సాహం చల్లారిపోయేది.

రెండోది ప్రశ్న. వంకరటింకర ఇంగ్లీషు అక్షరాల బొమ్మలను బాట్లు ఎప్పుడో ఛేదించాయి. అవి మన పెద్దవారిని మాత్రం బాగా ఇబ్బంది పెడతాయి. మీడియావికీతో పాటే వచ్చే కన్ఫర్మ్‌ఎడిట్‌లో ‘క్వెస్టీ క్యాప్చా’ అనే విధానం ఉంది. అందులో ప్రశ్నలు, జవాబులు మీరే రాసుకోవచ్చు. తెలుగులో అడిగి, తెలుగులో జవాబు కోరండి. మా స్పాములో నూటికి తొంభై వంతులు ఆ ఒక్క మార్పుతోనే ఆగిపోయింది.

ప్రశ్న ఎంచుకోవడంలోనే అసలు జాగ్రత్త అవసరం. మేము మొదట ‘ఉగాది పచ్చడిలో రుచులెన్ని?’ అని పెట్టాం. నెల్లూరు నుంచి ఒక ముస్లిం ఉపాధ్యాయురాలు మాకు మెయిలు రాశారు: “నాకు జవాబు తెలుసు గానీ మా పిల్లలకు తెలియదు. వాళ్లూ తెలుగువాళ్లే కదండీ.” ఆ మాట నిజం. పండుగల మీద, ఒక ప్రాంతపు వంటల మీద, సినిమాల మీద ప్రశ్నలు పెట్టవద్దు. ఇప్పుడు మేము ‘సోమవారం తర్వాత వచ్చే రోజు పేరు తెలుగులో రాయండి’ వంటివి అడుగుతున్నాం. ఒక ప్రశ్నకు జవాబులు ఎన్నైనా ఇవ్వవచ్చు కనుక మంగళవారం, మంగళవారము, మంగళ అన్నీ ఒప్పుకునేలా పెట్టండి. పది పన్నెండు ప్రశ్నలు ఉంచి, స్పాము మళ్లీ పెరిగినప్పుడు మార్చండి. నేటి కృత్రిమ మేధ ఇలాంటి ప్రశ్నలకు సులువుగా జవాబు చెప్పగలదు. కానీ లక్షల సైట్ల మీద గంపగుత్తగా తిరిగే బాట్లు ఒక చిన్న తెలుగు సైటు కోసం ఆ ఖర్చు పెట్టడం ఇప్పటికీ అరుదు.

మూడోది వడపోత. అబ్యూస్‌ఫిల్టర్ అనే పొడిగింపు ప్రతి మార్పునూ మీరు రాసిన నియమాలతో పోల్చి చూస్తుంది. తెలుగు సైటుకు దీనిలో గొప్ప సౌలభ్యం ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల ప్రత్యేక వరుస ఉంది. కొత్త వాడుకరి చేర్చిన పాఠంలో బయటి లింకు ఉండి, ఆ వరుసలోని అక్షరం ఒక్కటి కూడా లేకపోతే అది దాదాపుగా స్పామే. ఈ ఒక్క నియమం ప్రశ్నను దాటి వచ్చిన స్పాములో చాలా భాగాన్ని పట్టుకుంటుంది.

మేము మొదట లింకు షరతు లేకుండా, తెలుగు అక్షరం లేని మార్పులన్నిటినీ తిప్పికొట్టేలా పెట్టాం. పది రోజుల తర్వాత వడపోత చిట్టా చదువుతుంటే ఒకే మనిషి ఏడుసార్లు తిరస్కరణకు గురయ్యారని కనిపించింది. ఆయన రాసింది తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. మగ్గానికి సంబంధించిన పదాలు, పడుగు, పేక, నాడె, అచ్చు, ఒక్కొక్కదానికీ ఓపికగా వివరణ. ఫోనులో తెలుగు కీబోర్డు ఎలా పెట్టుకోవాలో ఆయనకు తెలియదు. ఏడుసార్లు ప్రయత్నించారంటే ఎంత ఆశ ఉండి ఉండాలి! కాబట్టి ఏ నియమాన్నైనా మొదటి రెండు వారాలు నమోదు చేసే స్థాయిలోనే ఉంచండి. ఆ చిట్టాను రోజూ చదివి, మంచివారు ఇరుక్కోవడం లేదని తేలాక హెచ్చరికకు, ఆ తర్వాతే తిరస్కరణకు మార్చండి. తిరస్కరించినప్పుడు కనిపించే సందేశం తెలుగులో, మర్యాదగా, ఏం చేయాలో చెప్పేలా ఉండాలి. మా సందేశంలో ఇప్పుడు తెలుగు కీబోర్డు పెట్టుకునే విధానం, సాయం అడగడానికి ఒక మెయిలు చిరునామా ఉన్నాయి.

మిగిలినవి త్వరగా చెబుతాను. కొత్త ఖాతాలకు నాలుగు రోజులు, పది మార్పులు అయ్యేదాకా పేజీలను తరలించే హక్కు ఇవ్వవద్దు. బయటి లింకు చేర్చినప్పుడల్లా ప్రశ్న అడిగేలా పెట్టండి. కొత్తవారి మార్పులకు నిమిషానికి ఇన్ని అని పరిమితి పెట్టండి, రెండు మూడు చాలు. స్పామ్‌బ్లాక్‌లిస్ట్ పొడిగింపు పెట్టుకుంటే వికీమీడియావారు ఉమ్మడిగా నిర్వహించే నిషిద్ధ లింకుల జాబితా మీకూ ఉచితంగా అందుతుంది.

5. శుభ్రం చేసేటప్పుడు చేతులు నెమ్మదిగా కదలాలి

ఒక ఖాతా సృష్టించిన పేజీలన్నిటినీ ఒకేసారి తొలగించే సాధనం పేరు న్యూక్. అది చూపించే జాబితాలో ముందు తెలుగు పేర్లున్నవాటికి టిక్కు తీసేయండి, తర్వాతే మీట నొక్కండి. గుమ్మి పేజీ అలాగే మిగిలింది.

ఖాతాను నిరోధించడానికి వెనుకాడక్కర్లేదు. ఐపీ చిరునామాను (నెట్‌లో ఒక కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యను) నిరోధించేటప్పుడు మాత్రం ఆలోచించాలి. మన దేశంలో మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీవీ4 (పాత రకం) చిరునామా వెనుక వేలమంది ఉంటారు. ఒక తుంటరి కోసం ఏడాదిపాటు దాన్ని మూసేస్తే ఒక జిల్లాలోని మంచివారంతా బయటే నిలబడతారు. అలాంటివాటికి ఒకటి రెండు రోజుల నిరోధం చాలు. కొత్త రకం చిరునామాలైన ఐపీవీ6 విషయం వేరు. అక్కడ ఒక్క చిరునామాను ఆపితే క్షణంలో ఇంకొకటి తీసుకుంటారు, అందుకే ఒక కనెక్షన్‌కు సాధారణంగా కేటాయించే స్లాష్ 64 శ్రేణి మొత్తాన్ని నిరోధించాలి. అద్దె సర్వర్ల శ్రేణుల నుంచి మనుషులు రాయడం అరుదు, వాటిని ఎక్కువ కాలం మూసినా నష్టం తక్కువ. దేశాలకు దేశాలనే మూసేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. వినవద్దు. మా పదాల్లో కొన్ని మంచివి గల్ఫ్ నుంచి, మలేషియా నుంచి వచ్చాయి.

6. సైటు నెమ్మదించింది: దాడా, పాకుడు బాట్లా?

గత రెండు మూడేళ్లలో చిన్న సైట్లను ఎక్కువగా కుంగదీస్తున్నది ఇదే. కృత్రిమ మేధ నమూనాల శిక్షణ కోసం సైట్లన్నిటినీ జల్లెడ పట్టే బాట్లు సర్వర్ల మీద మోయలేని బరువు వేస్తున్నాయి. వికీమీడియా ఫౌండేషన్ 2025 ఏప్రిల్‌లో చెప్పిన లెక్క ప్రకారం 2024 జనవరి నుంచి బొమ్మలు, వీడియోలు దించుకునే రద్దీ 50 శాతం పెరిగింది. వారి సర్వర్లకు అత్యంత ఖరీదైన రద్దీలో 65 శాతం బాట్లదే. అంత పెద్ద సంస్థకే అది భారమైతే నెలకు వెయ్యి రూపాయల సర్వరు ఏపాటి?

వికీలకు ఈ బాధ ఎక్కువ ఎందుకో ఒక లెక్క వేసి చూడండి. ఒక పేజీకి 100 కూర్పులు (మార్పు చేసినప్పుడల్లా చరిత్రలో మిగిలే ప్రతులు) ఉన్నాయనుకుందాం. ఏ రెండు కూర్పులనైనా పోల్చి తేడా చూపించమని అడగవచ్చు. అంటే ఆ ఒక్క పేజీ నుంచి 4,950 తేడాల పేజీలు పుట్టగలవు. సర్వరు ప్రతి తేడానూ అప్పటికప్పుడు లెక్కగట్టి ఇవ్వాలి. మనిషి ఒకటో రెండో చూస్తాడు. బాటు లింకు కనిపించినప్పుడల్లా నడుస్తూనే ఉంటుంది.

కాబట్టి సైటు నెమ్మదించగానే వెబ్ సర్వరు లాగ్ (వచ్చిన అభ్యర్థనల చిట్టా) తెరిచి చివరి పది వేల వరుసలు చూడండి. ఏ చిరునామాలు అడుగుతున్నారో కాక, ఏ పేజీలు అడుగుతున్నారో ముందు లెక్కపెట్టండి. మాకు అలాంటి ఒక మధ్యాహ్నం పది వేలల్లో ఎనిమిది వేలకు పైగా పాత కూర్పులు, తేడాల పేజీలే. ఒక్కో ఐపీ నుంచి ఒకటి రెండు అభ్యర్థనలకు మించి లేవు, అంటే ఐపీలను నిరోధించి లాభం లేదు. దాడి అయితే సాధారణంగా మొదటి పేజీనో, వెతుకుపెట్టెనో, లాగిన్ పేజీనో పట్టుకుని మోదుతారు.

ఇలా చేయండి. ముందు బాట్లకు సూచనలిచ్చే రోబోట్స్ ఫైలులో చరిత్ర, తేడాల పేజీలను తిరగవద్దని రాయండి. గూగుల్, బింగ్ వంటివి దాన్ని పాటిస్తాయి. పాటించనివాటి కోసం, లాగిన్ కాని ఎవరు పాత కూర్పునో తేడానో అడిగినా వెబ్ సర్వరు స్థాయిలోనే ఆపి, ‘లాగిన్ అయి చూడండి’ అనే తేలికపాటి పేజీ చూపించండి. అభ్యర్థన మీడియావికీ దాకా వెళ్లకూడదు, వెళ్తే బరువు పడినట్టే. మామూలు పేజీలకు కాషింగ్ (ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ అదే ఇవ్వడం) పెట్టండి. మాకు ఈ మూడు పనులతోనే సర్వరు ఊపిరి పీల్చుకుంది.

అది చాలకపోతే అనూబిస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. 2025 జనవరిలో వచ్చింది. వచ్చినవారి బ్రౌజరుకు ఒక చిన్న లెక్క ఇచ్చి, చేసి చూపిస్తేనే లోపలికి పంపుతుంది. ఒక మనిషికి అది క్షణం పని, లక్షల పేజీలు తిరిగే బాటుకు పెద్ద ఖర్చు. గ్నోమ్ వంటి ప్రాజెక్టులు దీన్ని వాడాయి. నా సలహా, దీన్ని చరిత్ర, తేడాల పేజీలకే పరిమితం చేయండి. పాత ఫోనులో ఆ లెక్క నెమ్మదిగా సాగుతుంది. మన చదువరుల్లో పాత ఫోనులు వాడేవారు చాలామంది.

7. నిజంగా డీడాస్ దాడి వస్తే

లెక్కలేనన్ని యంత్రాల నుంచి ఒకేసారి అభ్యర్థనలు కుమ్మరించి సైటును పడగొట్టడమే డీడాస్ దాడి. 2019 సెప్టెంబరులో వికీపీడియానే ఇలాంటి దాడిలో యూరప్, పశ్చిమాసియా ప్రాంతాల్లో గంటల తరబడి అందకుండా పోయింది. కనుక సైటు పడిపోవడం మీ చేతగానితనం కాదు. ముందుగా సిద్ధం చేసుకోవాల్సింది ఒకటి ఉంది, దాన్ని మాత్రం నిర్లక్ష్యం చేయవద్దు.

వచ్చే రద్దీని ముందు తాను అందుకుని వడకట్టి పంపే క్లౌడ్‌ఫ్లేర్ వంటి రక్షక సేవను ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే సైటు ముందు నిలబెట్టుకోండి. ఉచిత స్థాయి మా వంటివారికి సరిపోతుంది. అయితే చాలామంది సగం పనే చేస్తారు. ముందు తలుపుకు కాపలా పెట్టి వెనక గోడ తెరిచి ఉంచుతారు. మీ సర్వరు అసలు ఐపీ దాడిచేసేవాడికి తెలిస్తే క్లౌడ్‌ఫ్లేర్‌ను పక్కకు పెట్టి నేరుగా దాని మీదే పడతాడు. ఆ ఐపీ ఎలా బయటపడుతుంది? పాత డీఎన్ఎస్ నమోదులను దాచే సైట్లు ఉన్నాయి. మీ సర్వరు తానే మెయిళ్లు పంపుతుంటే ఆ మెయిలు శీర్షికల్లో ఐపీ రాసి ఉంటుంది. అందుకని క్లౌడ్‌ఫ్లేర్ వెనక్కి మారాక హోస్టింగువారిని అడిగి కొత్త ఐపీ తీసుకోండి. ఫైర్‌వాల్‌లో క్లౌడ్‌ఫ్లేర్ ప్రచురించిన చిరునామాల నుంచి వచ్చే వెబ్ రద్దీని మాత్రమే అనుమతించండి. మెయిళ్లు వేరే సేవ ద్వారా పంపండి. మరో ముఖ్యమైన మాట, లాగ్‌లో అసలు సందర్శకుడి ఐపీ నమోదయ్యేలా సర్వరును సరిచేయండి. లేకపోతే ఒక స్పామరును నిరోధించబోయి క్లౌడ్‌ఫ్లేర్‌నే నిరోధిస్తారు, సైటు అందరికీ మూతపడుతుంది.

దాడి మొదలైన గంటలో చేయాల్సినవి ఇవి. వేరే నెట్‌వర్కు నుంచి సైటు తెరిచి చూడండి, సమస్య మీ ఇంటి ఇంటర్నెట్‌ది కాదని తేల్చుకోండి. ఇద్దరు మనుషులు పని పంచుకోండి: ఒకరు సర్వరు చూడాలి, ఒకరు మిగతావారితో మాట్లాడాలి. సర్వరు చూసేవారికి ఎవరూ ఫోను చేయకూడదు. క్లౌడ్‌ఫ్లేర్‌లో ‘దాడిలో ఉన్నాను’ అనే స్థితిని పెట్టండి, అప్పుడు ప్రతి సందర్శకుడూ కొన్ని క్షణాల పరీక్ష దాటి వస్తాడు. సర్వరు ఇంకా ఒత్తిడిలో ఉంటే సైటును చదవడానికి మాత్రమే పరిమితం చేయండి. మీడియావికీలో అమరికల ఫైలులో ఒక్క వరుస చేరిస్తే చాలు. ఎందుకు ఆపారో తెలుగులో రెండు వాక్యాలు ఆ వరుసలోనే రాయవచ్చు. హోస్టింగు సంస్థ మీ ఐపీకి వచ్చే రద్దీ మొత్తాన్ని పారబోసే అవకాశం ఉంది. అలా చేసే ముందు సమాచారం ఇస్తారా, ఎంతసేపు ఉంచుతారు అని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

డబ్బు ఇస్తే ఆపుతామని మెయిలు వస్తే జవాబు ఇవ్వవద్దు, డబ్బు కట్టవద్దు, మెయిలును శీర్షికలతో సహా దాచండి. జర్నలిజం, మానవ హక్కుల వంటి రంగాల్లో పనిచేస్తూ దాడులకు గురయ్యే సంస్థలకు క్లౌడ్‌ఫ్లేర్ 2014 నుంచి గెలీలియో పేరుతో, గూగుల్ ప్రాజెక్ట్ షీల్డ్ పేరుతో ఉచిత రక్షణ ఇస్తున్నాయి. మీ పని ఆ కోవలోకి వస్తే దరఖాస్తు చేసుకోండి.

8. ఎవరైనా లోపలికి చొరబడితే

ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ఇదే జరిగిందని 2024 అక్టోబరులో బయటపడింది. 3 కోట్ల 10 లక్షల ఖాతాల వివరాలు బయటికి పోయాయి, అదే సమయంలో డీడాస్ దాడి కూడా వచ్చింది. వారు సేవలను ఆపారు, కొన్ని రోజులకు పాత పేజీల సంచయాన్ని చదవడానికి మాత్రమే తెరిచారు, మిగతావి ఆ తర్వాత నెమ్మదిగా తెచ్చారు. ఆ క్రమాన్నే పాటించండి. ముందు సైటును బయటి ప్రపంచానికి మూసేయండి. సర్వరును తుడిచేయవద్దు, దాని పూర్తి ప్రతి తీసి పెట్టండి, ఎలా వచ్చారో తెలియడానికి అదే ఆధారం. పాత యంత్రాన్ని బాగుచేయడానికి ప్రయత్నించకుండా కొత్త యంత్రం మీద, చొరబాటుకు ముందటి బ్యాకప్ నుంచి లేపండి. అన్ని తాళాలూ మార్చండి, అందరినీ లాగౌట్ చేయించండి. ఆ తర్వాత వాడుకరులకు మెయిలు రాయండి: ఏం పోయింది, ఏం పోలేదు, వారు ఏం చేయాలి. దాచి పెట్టి నెల తర్వాత చెబితే పోయే నమ్మకం మళ్లీ రాదు.

ఫిర్యాదు జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో చేయవచ్చు. డబ్బు పోయిన సందర్భమైతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 43, 66 చొరబాటుకూ, సేవలను అడ్డుకోవడానికీ వర్తిస్తాయి. మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు సేవాదారులు, మధ్యవర్తి సంస్థలు ఇలాంటి ఘటనలను ఆరు గంటల్లోపు తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని చెబుతున్నాయి. మీ పని ఏదైనా ట్రస్టు కింద నమోదై ఉంటే ఇవి మీకు వర్తిస్తాయా అని తెలిసిన న్యాయవాదిని ఇప్పుడే అడిగి ఉంచుకోండి.

వాడుకరుల నుంచి ఫోను నంబరు, పుట్టిన తేదీ, ఊరు అడగవద్దు. మీ దగ్గర లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు.

9. మనుషుల్ని కాపాడుకోండి

మా నలుగురిలో ఒకరు ఒక ఏడాది చెప్పాపెట్టకుండా రావడం మానేశారు. తర్వాత తెలిసింది, ఆమె రోజూ రాత్రి పడుకునే ముందు, తెల్లవారుజామున లేచి కూడా స్పాము తీసేవారు. మేమెవరం అడగలేదు, ఆమె చెప్పలేదు. ఉదయానికి సైటు శుభ్రంగా ఉంటే అంతా బాగానే ఉందనుకున్నాం.

ఇప్పుడు వారానికి ఒకరిది వంతు. వంతు లేనివారు ‘ఇటీవలి మార్పులు’ తెరవకూడదని నియమం పెట్టుకున్నాం. రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు కొత్త ఖాతాలు లింకులు చేర్చలేవు, ఆ పని వడపోతే చూసుకుంటుంది. ఆ సమయంలో స్పాము పడినా ఉదయం దాకా ఉండనిస్తాం. బెదిరింపు మెయిళ్లు వస్తే వచ్చినవారు ఒంటరిగా చదవరు, నలుగురికీ తెలిసే ఉమ్మడి పెట్టెలోకి వెళ్తాయి. నిర్వాహకుల ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు సైటులో ఎక్కడా ఉండవు. తెలుగు వికీపీడియాలో రచ్చబండ ఉన్నట్టే మాకూ ఒక చర్చ పేజీ ఉంది. ప్రతి నిరోధం మీదా, ప్రతి కొత్త నియమం మీదా అక్కడ ఎవరైనా ప్రశ్నించవచ్చు. కాపలా కాసేవారిని అడిగేవారు ఉండటం కాపలాదారులకే మేలు.

10. గండం గడిచాక గోడలు దించండి

దాడి సమయంలో పెట్టిన ప్రతి అడ్డునూ తేదీతో సహా ఒక పేజీలో రాయండి: ఎవరు పెట్టారు, ఎప్పుడు తీయాలి. రాయకపోతే అవి అక్కడే ఉండిపోతాయి. మా సైటులో ఒకసారి కొత్త ఖాతాలు అసలు తెరవలేని స్థితి ఐదు వారాలు సాగింది, మాలో ఒక్కరికీ తెలియలేదు. మేమంతా పాత ఖాతాలతో హాయిగా రాసుకుంటున్నాం.

అందుకని నెలకు ఒకసారి, వంతులో ఉన్నవారు ఈ పరీక్ష చేస్తారు. ఇంటి వైఫై ఆపి, ఫోను డేటా మీద, బ్రౌజరులో ప్రైవేటు కిటికీ తెరుస్తారు. లాగిన్ కాకుండా సైటుకు వెళ్లి కొత్త పేరుతో ఖాతా తెరుస్తారు, ప్రశ్నకు జవాబు రాస్తారు, ఒక కొత్త పదం చేర్చి భద్రపరుస్తారు. మొదటి నుంచి చివరి దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాస్తారు. ఐదు దాటితే ఏ అడ్డు వల్ల దాటిందో వెతికి సరిచేస్తాం. గత నెల ఆ పరీక్షలో చేరిన పదం ‘పాతర’. నేలలో గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరిచి జొన్నలు దాచుకునే చోటు. మూడు నిమిషాలు పట్టింది.